ముంజేతి మీద మూడు అంకెలు

సీసా మీద నవ్వుతున్న బాతుబొమ్మ, దాని కింద ‘పిల్లల సున్నితమైన చర్మానికి’ అన్న రాత. నిరుడు ఆ బాతునే నమ్మి, బడిలో పరుగుపందెం రోజున మా అమ్మాయి చిట్టెలుక ముఖానికి ఆ సన్‌స్క్రీన్ రాశాను. గంటలో బుగ్గలు కందిపోయి, కళ్ళు వాచాయి. అందుకే మందుల షాపతను మళ్ళీ అదే సీసా తీసి బల్ల మీద పెట్టేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“పిల్లలది ఇదేనమ్మా. బొమ్మ కూడా ఉంది చూడండి.”

“బొమ్మ రాసుకుంటామా బాబూ? వెనకేముందో చదవండి.”

వెనక చీమ తలకాయంత అక్షరాలు. భూతద్దం నేనే తెచ్చుకున్నాను. సెంటు, రంగు, ఇంకా నోరు తిరగని పేర్లేవో ఉన్నాయి. సున్నితమైన చర్మానికి సెంటెందుకయ్యా అంటే, “వాసన బాగుంటే పిల్లలు మారాం చెయ్యకుండా రాయించుకుంటారు” అని చల్లగా జవాబు చెప్పాడు. ఎవరి చెవిలో పువ్వులు పెడదామని?

సెంటు లేనివి, జింకు ఉన్నవి ఏరి, రెండు ట్యూబులు కొన్నాను. ఆ రోజు సోమవారం. శుక్రవారం మళ్ళీ పందెం. క్రీము రాసుకోనిదే ఎవర్నీ మైదానంలోకి రానివ్వరట. పడకపోతే పిల్లను తరగతిలోనే కూర్చోబెడతామని డ్రిల్లు మాస్టారు ముందే చీటీ పంపాడు. నిరుడు వాచిన కళ్ళతో కిటికీలోంచి పందెం చూసిన పిల్ల అది. ఏడాదంతా మా గుమ్మం నుంచి వీధి మలుపు దాకా పరుగులు తీసింది. దాన్ని మళ్ళీ ఆ కిటికీ దగ్గరే కూర్చోబెడతారా, ఏదో నేరం చేసినట్టు!

ముందు ముంజేతి లోపల కాస్త రాసి రెండుమూడు రోజులు చూడమని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ పిల్లకు మంట పెట్టడానికి చేతులెలా వస్తాయి? అందుకని మేమే రాసుకున్నాం. మా ఆయన బస్సుల మెకానిక్కు. ఇంజనాయిలుకే చెక్కుచెదరని చెయ్యి అది. మా అత్తగారూ, నేనూ సరేసరి. రోజూ పొద్దున్నే ముగ్గురం చేతులు చాపుకొని ఒకరివొకరం పరీక్షించుకున్నాం. ఎవరికీ చిన్న దద్దురైనా రాలేదు.

“రెండూ బంగారంలా ఉన్నాయే. ఏదైనా రాసెయ్,” అని గురువారం తేల్చేశాడు మా ఆయన.

“పరిగెత్తేది నువ్వా నాన్నా?” అంది చిట్టెలుక. చొక్కా చెయ్యి పైకి మడిచింది.

ముంజేతి లోపల నీలం పెన్నుతో మూడు అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి దగ్గర రూపాయంత ఎర్రటి దద్దురు. రెండు దగ్గర సన్నటి పొక్కులు. మూడు దగ్గర ఏమీ లేదు.

“సోమవారం నుంచీ రోజూ రాసుకుంటున్నా. ఒకటి ఇంట్లో మిగిలిన నిరుటి బాతుది. మిగిలిన రెండూ కొత్తవి.”

“నీకేం పొయ్యేకాలమే! పడదని తెలిసీ ఆ బాతుది మళ్ళీ ఎందుకు రాసుకున్నావ్?” అని అరిచాను.

“మాస్టారి దగ్గరున్నదీ అదే. నోటితో చెబితే నమ్మరుగా.”

మా అత్తగారు ఆ చెయ్యి పట్టుకొని ఊదుతూ కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం మైదానంలో పిల్లలంతా వరసలో నిలబడ్డారు. మాస్టారు బాతు సీసా పట్టుకొని, గోడకు సున్నం కొట్టినట్టు ఒక్కో ముఖానికీ పూస్తూ వస్తున్నాడు.

“మా అమ్మాయికి ఇంటిదగ్గరే రాశాను సార్,” అన్నాను.

“ఇంతమందికి పడుతోంది, మీ అమ్మాయికే ఏమొచ్చిందమ్మా? అందరికీ ఒకటే రూలు.”

ఒళ్ళు మండిపోయింది. గట్టిగా దులిపేద్దామని నోరు తెరిచేలోపే చిట్టెలుక చెయ్యి చాపింది.

“ఒకటో నంబరు మీ సీసాదే సార్. నేను మూడోది రాసుకొచ్చా.”

మాస్టారు వంగి ఆ చెయ్యి చూశాడు. ఈలోగా పక్కన, అప్పటికే ముఖమంతా తెల్లగా పూయించుకున్న పిల్ల మెల్లగా నోరు విప్పింది.

“నాకూ మంటగా ఉంది సార్. నిరుడూ అంతే.”

వరస చివర మరో ఇద్దరు చేతులెత్తారు.

“మరి అప్పుడే చెప్పొచ్చుగా?” అని గదమాయించాడు మాస్టారు.

“మీరు అడగలేదు సార్,” అంది ఆ పక్కనున్న పిల్ల.

మాస్టారు సీసాకు మూత పెట్టాడు. అతన్ని కడిగిపారేద్దామని వచ్చిన నేను తల దించుకున్నాను. మా ఇంట్లోనూ ముగ్గురం పెద్దవాళ్ళం మా చేతులే చూసుకున్నాం గాని, దాన్ని ఒక్క మాట అడగలేదు. చిట్టెలుక అప్పటికే పరుగుగీత దగ్గరికి వెళ్ళి నిలబడింది.