పడవవడ్రంగి కట్టిన దేవమందిరము

కార్తీకశుద్ధ ద్వాదశినాఁటి ప్రాతఃకాలము. రేయెల్ల కురిసి వెలిసిన వాననీరు కాకినాడ పట్టణమందలి పెంకుటిండ్ల చూరులనుండి యింకను బొట్లుబొట్లుగా జాఱుచు వాకిళ్ల ముగ్గులను చెఱిపి యిల్లాండ్ర విసుగునకు పాత్రమగుచుండఁగా, సముద్రముమీఁదినుండి వచ్చు నుప్పుగాలి వీథివీథియు తిరిగి గడపగడపకడ నిలిచి తులసికోటలముందఱి కార్తీకదీపములచేత తల లూఁపించి పలుకరించి పోవుచుండఁగా, వేకువస్నానములు ముగించి తడిచెంగులు పిండుకొనుచు ఏకాదశ్యుపవాసముచే వాడిన మొగములతో వృద్ధాంగన లెవరి వంటయింటివైపు వారు చూచుచుండఁగా, పట్టణమంతయు పారణకు సిద్ధమగుచుండెను.

ఒక్క చెరుకుమిల్లి మాధవరావుగారి యింటమాత్రము వంట యైనది కాని భోజనము కాలేదు. పులిహోర చల్లారుచుండెను. బూరెలు మెత్తబడుచుండెను. ఇంటివారును ముగ్గురు వడ్రంగులును వారి యజమానియు నొక మూసిన తలుపువంక చూచుచు ఆఁకలిని మ్రింగుచు నిలిచియుండిరి. ఇట్లగుటకు కారణము తెలియవలెనన్నచో నవగేహశోభ యను సంస్థను గుఱించి ముందుగా కొంత చెప్పవలసియున్నది.

ఆ సంస్థ పాతయిండ్లను కొత్తయిండ్లుగా మార్చునది. దాని యధిపతి దివాకర మను నుత్సాహవంతుఁడు. ఇతర సంస్థలవారు తమ చెక్కను పొగడుకొనుచుండఁగా నీతఁడు తన వడ్రంగుల పూర్వవృత్తాంతమును పొగడుకొనును. ఇంటిపని నేర్చి యింటిపనియే చేసిన వడ్రంగి యాతని కంటి కానఁడు. మఱియొక మహత్కార్యముచేసి, ఆ కార్యము లోకమున నడుగంటిపోఁగా ఉలిపెట్టెతో వీథిని పడినవానిని వెదకి తెచ్చుటయే యాతని వ్రతము.

“మా వాళ్లకి వెనకాల చరిత్ర ఉందండీ మాధవరావుగారూ. ఉత్తి వడ్రంగులు కారు” అని యాతఁడు బేరమునాఁ డనెను.

“చరిత్ర సరేనయ్యా. మాకు కావలసింది పూజామందిరం” అని సహకారబ్యాంకున నుద్యోగము చేయు మాధవరావుగారు మెల్లగా సందేహించిరి.

“చరిత్రలో లేని పూజామందిరం ఎక్కడుందండీ?”

మాధవరావుగా రొప్పుకొనిరి.

అట్లు వచ్చిన ముగ్గురిలో మొదటివాఁడు వీరాచారి. ఈతని వంశమువారు దేవాలయములకు రథములు కట్టినవారు. దేవుఁడు ఇనుపరథ మెక్కిననాఁటినుండి వీరాచారికి పని లేకపోయెను. రెండవవాఁడు గంగరాజు. నాటకసమాజములకు చెక్కతోను గుడ్డతోను కైలాసవైకుంఠములను నిర్మించి, ప్రేక్షకులు నాటకశాలలను విడిచిపోవుటచే స్వర్గచ్యుతుఁడైనవాఁడు. మూఁడవవాఁడు సింహాద్రి. తాళ్లరేవున పడవలు కట్టి పెరిగినవాఁడు. ఫైబరు పడవలు వచ్చి యాతని యులిని ఒడ్డున పడవైచెను. వృత్తులు వారిని విడిచినవి కాని వారి చేతులు వృత్తులను విడువలేదు. ఈ సంగతి దివాకర మెఱిఁగియుండవలసినది.

ఆ ముగ్గురును కలసి కిటికీలేని నడిమిగదిలో టేకుచెక్కతో నొక చిన్న మందిరమును కట్టిరి. శిఖరము వీరాచారిది. గాలిలో తేలు రథమువలె నుండెను. ఎవరేని గట్టిగా నడిచినచో మెల్లగా నూఁగి చూరుగంటలు మ్రోఁగించుచుండెను. స్తంభములు గంగరాజువి. చూచువారికి చంద్రకాంతశిలలవలె నుండెను. వెనుకకు పోయి చూచినవారికి మాత్రము రంగులేని పలకయు మేకుల మొనలును కనఁబడుచుండెను. తలుపులు సింహాద్రివి. వానిని మూసినప్పుడు చప్పుడు కాకపోయెను. మూసినయట్లు సందుకూడ కనఁబడకపోయెను.

మాధవరావుగారి తల్లి చూడామణమ్మగారు పాతమందిరమును విప్పిననాఁటినుండి పాలును పండ్లును తప్ప ముట్టుకొనలేదు. ఏకాదశినాఁడు మంచినీరును ముట్టలేదు. ద్వాదశినాఁడు వేణుగోపాలస్వామిని క్రొత్తమందిరమున కూర్చుండఁబెట్టి, ఆయన యారగించిన పిమ్మట ద్వాదశి దాఁటకముందే పారణ చేయవలెనని యామె సంకల్పము. ఆమె పారణ చేసినఁగాని ఆ యింట నన్యులెవ్వరును విస్తరి ముట్టరాదు.

పురోహితుఁడు స్వామిని నిలిపి, తొందరగా మఱియొక యింటికి పోయెను. కోడలు హైమవతి నైవేద్యము తెచ్చి లోపల నుంచెను. దేవుఁడు తినునప్పుడు మనుష్యులు చూడరాదు గనుక నా యింటి యాచారముచొప్పున తలుపులు మూసిరి. కొంతసేపటికి తెఱచిచూడఁగా దీపము కొండెక్కియుండెను.

“దీపం కొండెక్కిందంటే స్వామి ముట్టనట్టే” అని చూడామణమ్మగారనిరి.

“నూనె తక్కువేమోనమ్మా” అని మాధవరావుగారనిరి.

“నూనె ప్రమిద నిండా ఉంది. నీ కళ్లజోడేదీ?”

ఆమె చూపు కోడలిమీఁదికి తిరిగెను. “హైమా, నిజం చెప్పు. పులిహోరలో ఉప్పు చూశావా?”

నివేదనకు ముందు రుచిచూచుట మహాపరాధము. హైమవతి మొగము వెలవెలఁబోయెను. “లేదత్తయ్యగారూ. వాసన కూడా చూడలేదు.”

“మరెందుకు ముట్టలేదు?”

ఈ ప్రశ్నకు కోడ లేమని చెప్పఁగలదు? దేవుఁ డెందుకు తినలేదో చెప్పవలసినవాఁడు దేవుఁడే. ఆమె కన్నులు చెఱఁగుతో నొత్తుకొని, మరల స్నానముచేసి, మరల మడికట్టి, మరల వండెను. ఈమాఱు చూడామణమ్మగారే వత్తిని పేని దీపము వెలిగించిరి. తలుపులు మూసిరి. తెఱచిరి. సన్నని పొగచాఱ యొకటి స్వామి కిరీటమును చుట్టుకొనియుండెను. దీపము లేదు.

“అమ్మా, తీర్థం పుచ్చుకున్నా పారణ అయినట్టేనంటారు కదా” అని మాధవరావుగారు బ్రతిమాలిరి.

“ఆయన ముట్టంది నేను ముట్టనా? ఈ ఇంటికి కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి ఒక్కనాడు ముట్టానా?” అని యామె గోడకు చేరగిలఁబడిరి. అది చూచి దివాకరము భయపడి వెనుకకడుగువేయఁగా నేలపలక యదరి మందిరపు గంటలు గల్లుమనెను.

“అదిగో, వద్దంటున్నాడు” అని వృద్ధురాలు కన్నులు మూసికొని, మరల తెఱచి వడ్రంగులవంక చూచెను. “కోడలిది తప్పు లేకపోతే కట్టినవాళ్లది. మీరు ఇదివరకు ఏం పనులు చేశారో చెప్పండి. ఒక్కొక్కళ్లూ.”

తన వడ్రంగుల పూర్వవృత్తాంతము నొకరు తమంతట తామడుగుట కిదియే మొదలు గావున దివాకరము మొగము వికసించెను. అడుగుటకు కారణ మంతలో స్ఫురింపఁగా మరల ముడుచుకొనెను.

వీరాచారి చేతులు జోడించి ముందుకు వచ్చెను. “రథాలు కట్టానమ్మా. స్వామిని ఊరేగించిన చేతులివి.”

“మరి ఇది ఊగుతుందేం?”

“రథమన్నాక ఊగాలమ్మా. బిగిస్తే మొదటి మలుపులోనే విరుగుద్ది.”

“ఈ గదిలో మా స్వామి ఏ మలుపు తిరుగుతాడయ్యా?”

వీరాచారి గదినలుదిక్కులు చూచి వెనుకకు జరిగెను.

“నేను నాటకాలకి సెట్లు కట్టానండి మామ్మగారూ” అని గంగరాజు చెప్పెను. “కైలాసం, వైకుంఠం, ద్వారక. అన్నీ కట్టానండి.”

“నరకం కట్టావా?”

“కట్టానండి. దానికే చప్పట్లెక్కువండి.”

“అదీ సంగతి!”

“అయ్యో మామ్మగారూ, ఆ చెక్కలు వేరండీ!”

“ఆ చేతులు వేరా?”

గంగరాజు తన చేతులను వెనుకకు దాఁచుకొనెను. చివరకు సింహాద్రి వచ్చెను. ఈతఁడు దోషిగా కాక బహుమానమునకు పిలువఁబడినవానివలె ఱొమ్ము విరిచి నిలిచెను.

“నేను పడవలు కట్టానండి. నేను కట్టిన పడవలోకి నీటిబొట్టు దూరిందన్నోడు మా రేవులో లేడండి. ఈ తలుపులూ అంతేనండి. సందు సందుకీ దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పట్టించాను. నీళ్లు కాదు గదా మామ్మగారూ, గాలి కూడా దూరదండి!”

మూల నిలిచియున్న హైమవతి తలయెత్తెను.

“గాలి కూడా దూరదా?”

“ఒట్టండీ అమ్మగారూ.”

“అత్తయ్యగారూ” అని హైమవతి యత్తగారి ప్రక్కకు వచ్చి కూర్చుండెను. “రగులుతున్న కుంపటిమీద గిన్నె బోర్లిస్తే ఏమవుతుందండీ?”

చూడామణమ్మగారు కోడలి మొగము చూచిరి, మందిరము చూచిరి, సింహాద్రిని చూచిరి.

“అంటే స్వామికి కోపం రాలేదు” అని మెల్లగా ననిరి. “ఊపిరాడలేదు.”

“తలుపు ఓరగా వేస్తే సరిపోతుందండీ” అని దివాకరము తొందరపడెను.

“ఆయన తింటుంటే ఓరగా తొంగిచూస్తావుటయ్యా? చిల్లి పెట్టండి. ఎండ ఎక్కుతోంది, ద్వాదశి పోతోంది.”

వీరాచారి చిల్లులు తొలుచు బరమా చేతఁబట్టి ముందుకు రాఁగా సింహాద్రి తలుపున కడ్డముగా చేతులు చాఁచి నిలిచెను. “నేను కట్టిన తలుపుమీద ఇంకోళ్ల బరమానా? ఎవర్నీ రానియ్యను.”

“అయితే నువ్వే పెట్టవయ్యా” అని చూడామణమ్మగారనిరి.

“నావల్ల కాదండి. మా నాన్న నా చేతికి ఉలిచ్చిన రోజున ఒకటే అన్నాడండి. చెక్కలో చిల్లి కనపడితే పూడ్చు, నువ్వు మాత్రం పెట్టకు అన్నాడు.”

నగరమువారికి చిల్లి యనఁగా చెక్కయందలి లోపము. సింహాద్రి కట్లు కాదు. సాయంకాల మొడ్డున నిలిచి చేయి కనులకడ్డముపెట్టి సముద్రమువంక చూచుచుండు నొక యింటివారందఱును ఆతని కా చిల్లిలో కనఁబడుచుండిరి. ఆ సంగతి యాతఁడు చెప్పలేదు, చెప్ప నేర్వఁడుకూడ.

“ఇది పడవ కాదు నాయనా” అని చూడామణమ్మగారి గొంతు మెత్తనయ్యెను.

“నాకు తెలుసండి మామ్మగారూ. నా చేతికి తెలీదండి.”

“అయితే నీ చేతికి చెప్పు. లోపల కూర్చున్నది ఎవరనుకున్నావు? ప్రళయంలో చేపై ఈదినవాడు. ఆయనకి నీళ్లంటే భయమా? నువ్వేమో నీళ్లు రాకుండా కాపలా కాస్తున్నావు, ఆయనేమో లోపల ఊపిరాడక చస్తున్నాడు!”

“అమ్మా!” అని మాధవరావుగారు చెవులు మూసికొనిరి.

“సరేలే. ఇబ్బంది పడుతున్నాడు.”

సింహాద్రి చేతులు మెల్లగా దిగెను. “చేపండీ?”

“చేపే.”

ఆతఁడు తలుపును నిమిరి, బొటనవ్రేలితో దానిమీఁద నొక వంపు గీసి చూచుకొనెను. “చేపయితే చిల్లి కాదండి” అని తనలో తానుగా ననెను.

పిమ్మట నాతని యులి యాగలేదు. టేకుపొట్టు రేకులురేకులుగా రాలుచుండ కుడితలుపు క్రిందిభాగమున తోక త్రిప్పిన చేప యొకటి వెలసెను. సింహాద్రి చెమట తుడుచుకొని యులి దింపఁబోవఁగా హైమవతి, “ఒకటి చాలదండీ. పొయ్యికైనా గాలి కిందనుంచి రావాలి, పొగ పైనుంచి పోవాలి” అనెను.

“ఇంకోటా అమ్మగారూ!” అని యాతఁ డార్తనాదము చేసెను.

“ఒంటిచేప ఏం బావుంటుందిరా? జత చెయ్యి” అని చూడామణమ్మగా రాజ్ఞాపించిరి.

ఎడమతలుపు పైభాగమున రెండవ చేప వెలసెను. హైమవతి చెక్కపొట్టు తుడిచి, నేల యలికి, నైవేద్యమును మరల నుంచి, అత్తగారిచేతికి అగ్గిపెట్టె నిచ్చెను. దీపము వెలిఁగెను. తలుపులు మూసికొనెను.

కిటికీలేని యా గదిలో నెదుటిగోడమీఁద వెలుఁగుచేపలు రెండు కనఁబడెను. లోపల దీపశిఖ కదలినపుడెల్ల నవి తోకలాడించుచు, ముందునకు పోయి, వెనుకకు వచ్చి, సున్నపుగోడయే సముద్రమైనట్లు నెమ్మదిగా నీఁదుచుండెను. తలుపు తెఱవకయే దీపమున్నదని యందఱికిని తెలియుచుండెను. గంగరాజు నోరు తెఱచి, ఇన్ని స్వర్గములు కట్టియు నిట్టి తెరను తాను కట్టలేదే యని విచారించెను.

ఇంతలో చేపలలో నొకటి మాయమయ్యెను. వృద్ధురాలు దిగ్గున లేచెను. చూడఁగా సింహాద్రి యలవాటు తప్పక వచ్చి తన యఱచేతితో క్రిందిచిల్లిని మూసి నిలిచియుండెను.

“చెయ్యి తియ్యరా! అన్నం తింటున్నాడు!”

ఆతఁడు తటాలున చేయి తీసెను. చేప మరల నీఁదెను.

ద్వాదశి యింకను మిగిలియుండఁగనే తలుపులు తెఱచిరి. దీపము నిలువునా వెలుఁగుచుండెను. చూడామణమ్మగారు తీర్థము పుచ్చుకొని, తులసిదళము నోటవేసికొని, విస్తరిముందు కూర్చుండి మొదటిముద్ద మ్రింగి, “హైమా, పులిహోరలో ఉప్పు సరిగ్గా పడిందే” అనిరి. ఆ యింట క్షమాపణ మింతకన్న విస్పష్టముగా నెన్నఁడును చెప్పఁబడి యుండలేదు. హైమవతి తలవంచి మఱియొక బూరెను వడ్డించెను. దివాకరముమాత్రము రెండుబూరెలనడుమ నూపిరి తిప్పుకొనుచు, గాలియాడు పూజామందిరములను గూర్చి మఱియొక యింటివారికి చెప్పవలసిన మాటలను సరిచూచుకొనుచుండెను.

దీపము కొండెక్కుట దైవసంకల్పమా, దూదియు గుగ్గిలమునా యని మాధవరావుగా రా మధ్యాహ్నము చాలసేపు తర్కించుకొనిరి. దూదిని కూరిన చేయి యెవ్వని సంకల్పముచే నచ్చటికి వచ్చెనని యడిగినచో నేమి చెప్పవలెనో యాయనకు తెలియలేదు. మనుష్యుఁడు తన పూర్వమును ఉలిపెట్టెలో పెట్టుకొనియే క్రొత్తయింటికి వచ్చును. అది యొకచోట నపరాధమై మఱియొకచోట నలంకారమగుట యెవరిచేతిలో నున్నదో చెప్పుట కష్టము.

అందఱును చేతులు కడుగుకొన పెరటికి పోయినపుడు సింహాద్రి యొక్కఁడు వెనుదిరిగి వచ్చెను. మందిరపు తలుపులు మెల్లగా మూసి, గోడమీఁద నీఁదు చేపలను కొంతసేపు చూచెను. పిదప నెవ్వరును చూచుటలేదని నిశ్చయించుకొని, వంగి, తలుపుక్రింది నేలను వ్రేలితో నొకమాఱు తడవి చూచుకొనెను. నేల పొడిగానే యుండెను.