లియో కుర్చీ

చెస్టర్ బారు వెనక గదిలో పొడుగు బల్ల చుట్టూ పది కుర్చీలుంటాయి. కిటికీ పక్కది లియోది. లియో పోయి రెండు చలికాలాలు దాటినా అది లియో కుర్చీయే. దాని మీద పచ్చ ఉన్ని మెత్త అల్లింది అతని పెళ్ళాం వెర్నా. ఇప్పుడు అందులో కూర్చుంటున్నదీ వెర్నాయే.

మార్చిలో మిల్వాకీ ఊరిని మంచు వదలదు గానీ బేస్‌బాల్ మాత్రం వచ్చి కూర్చుంటుంది. ఏటా ఆ నెల ఒక శుక్రవారం ఈ పదిమందీ చేరి, దేశంలోని ఆటగాళ్ళని కాగితం మీద వంతులవారీగా పంచుకుంటారు. మైదానంలో చెమటోడ్చేది ఆటగాళ్ళు, వాళ్ళు కొట్టే ప్రతి దెబ్బకీ, విసిరే ప్రతి బంతికీ పాయింట్లు వేసుకుని ఆరు నెలలు పోట్లాడుకునేది వీళ్ళు. ఒకరు తీసుకున్నవాడు ఇంకొకరికి దక్కడు. అంచేత మొదట ఎవరి పేరు పలికామన్న దాని మీదే ఏడాది సుఖదుఃఖాలన్నీ.

కిందటేడు కడపట నిలిచినవాళ్ళకి ఈ ఏడు మొదటి వంతు. అది దయ. వరసగా రెండేళ్ళు కడపట నిలిస్తే కుర్చీ ఖాళీ చేసి, బయట కాచుకున్నవాళ్ళకి ఇచ్చెయ్యాలి. అది ఆచారం. పెట్టింది లియోయే. తన కుర్చీకే ఆ గతి పడుతుందని కలగన్నాడా పాపం. కిందటేడు దుఃఖంలో ఏ పేరు పలికిందో తెలియకుండా పలికి, వెర్నా కడపట నిలిచింది.

ఈసారి మాత్రం చలికాలమంతా ఆలోచించి పెట్టుకుంది. ఎంచదగ్గవాళ్ళు ఇద్దరే. బారియెంతోస్, కర్ర పడితే బంతి కంచె దాటాల్సిందే. హాలిస్టర్, బంతి విసిరితే కర్రలు గాలిని కొట్టాల్సిందే. లియో ఉంటే క్షణం ఆలోచించేవాడు కాదు. "కర్రవాడు రోజూ కూలి తెస్తాడే, విసిరేవాడు ఐదు రోజులకోసారి తెస్తాడు. మొదటి పేరు ఎప్పుడూ కర్రవాడిదే," అనేవాడు.

ఆ మాటే బారుకి వస్తూ కారులో ఆర్లీన్‌తో అంది వెర్నా. ఆర్లీన్ అంటే పరాయిదా? సీసాల కార్ఖానాలో నలభై ఏళ్ళు పక్కపక్కన నిలబడ్డవాళ్ళు. ఈ బల్ల దగ్గరా పక్క కుర్చీయే. లియో మంచాన పడ్డప్పుడు రోజూ సూపు గిన్నె పట్టుకొచ్చింది ఆర్లీనే. కిందటేడు కింద నుంచి రెండోది కాబట్టి ఈ ఏడు వెర్నా తర్వాత వంతూ ఆమెదే.

"బారియెంతోసా?" ఆర్లీన్ కారు నెమ్మది చేసింది. "నీకు చెప్పకూడదు గానీ, మా మేనల్లుడు అరిజోనాలో ఆటగాళ్ళ సాధన శిబిరంలో తువాళ్ళు ఉతుకుతున్నాడు కదే. వాడు కళ్ళారా చూశాట్ట. మణికట్టు వాచిపోయి ఉందిట. బయటికి పొక్కనివ్వట్లేదు."

"అయ్యో. నిజంగానా?"

"నీకు అబద్ధం చెప్తానా? లియో కుర్చీ పోతే నాకు మాత్రం బావుంటుందా? హాలిస్టర్‌ని తీసుకో, హాయిగా ఉండు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. వెర్నా నమ్మింది.

బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక చెస్టర్, పేరు చెప్పే గడువు కోసం గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే గంట గడియారం తిప్పి, "కానీ వెర్నా," అన్నాడు. హాలిస్టర్ పేరు చెప్పింది. అందరి తలలూ ఇటు తిరిగాయి. లియో కుర్చీలోంచి మొదటి పేరు విసిరేవాడిది రావడం ఎవరూ వినలేదు మరి.

"బారియెంతోస్," అంది ఆర్లీన్. గడియారం ఇంకా తిప్పనైనా లేదు.

వెర్నాకి ముందు జాలేసింది. పిచ్చిది, చెయ్యి వాచినవాణ్ణి తీసుకుందే అనుకుంది. "మణికట్టు సంగతి?" అని గొణిగింది.

"ఏం మణికట్టు?" చెస్టర్ అందుకున్నాడు. "నిన్నటి ఆటలో రెండు కొట్టాడుగా కంచె అవతలికి. రేడియో వినలేదా?"

ఆర్లీన్ కళ్ళజోడు తుడుచుకుంటోంది. "తగ్గినట్టుందిలే," అంది తలెత్తకుండా.

ఆర్లీన్ ఆశపడింది, ఆటే కదా అని సరిపెట్టుకుందామనే చూసింది వెర్నా. సరిపెట్టుకునేదేమో కూడా. మధ్యాహ్నం పంపకం కాసేపు ఆపి, ఈస్టర్ ముందు మాంసం మానేసే లెంట్ శుక్రవారపు చేప వేపుడు కోసం బల్ల సర్దుతుంటే ఆర్లీన్ అల్లుడు డరిల్ వచ్చాడు. మనిషి కల్లాకపటం ఎరగడు, నోటికి మూత లేదు. లియో కుర్చీ వీపు మీద చెయ్యేసి ఊపి చూశాడు.

"గట్టిదే. మీరేం బెంగ పడకండి వెర్నా ఆంటీ, వచ్చే ఏడు దీన్ని నేను బాగా చూసుకుంటా. మెత్త కూడా ఉంచేస్తా, నాకు నడుం నొప్పి."

"నువ్వా నాయనా?"

"కాచుకున్నవాళ్ళలో మొదటివాణ్ణి నేనేగా. అత్తయ్య క్రిస్మస్‌కే చెస్టర్‌తో చెప్పి పెట్టింది. మీకు చెప్పలేదా?"

ఆర్లీన్ చేతిలో క్యాబేజీ గిన్నె చేతిలోనే ఉండిపోయింది. పక్కలో బల్లెం అంటారే, అది పక్కలో ఉన్నంతసేపూ మనకి దిండులాగే ఉంటుంది. క్రిస్మస్‌కి వెర్నా ఇంట్లో కూర్చుని, లియో ఫొటో చూసి ఆర్లీన్ కళ్ళు తుడుచుకుంది. అప్పటికే చెప్పి పెట్టింది కాబోలు. సూపు గిన్నెలు కూడా గుర్తొచ్చాయి వెర్నాకి. అవైనా నిజమేనా? ఇక ఎలా తెలుస్తుంది?

చేప ముట్టలేదు. లేచి లియో కుర్చీని రెండు చేతులా పట్టుకుని, నేల కీచుమనేలా ఈడ్చుకుంటూ బల్ల అవతలికి తీసుకెళ్ళి, ఆర్లీన్‌కి ఎదురుగా వేసుకుంది.

"ఏమే, అక్కడికి పోయావేం?" అంది ఆర్లీన్. నవ్వబోయింది గానీ రాలేదు.

"ఇక్కణ్ణుంచి నీ మొహం కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని నీ చెవే చూశా."

చెస్టర్ గడియారం అందుకున్నాడు. పంపకం మళ్ళీ సాగింది.

పెద్దవాళ్ళంతా అయిపోయి, ఎవరూ పేరు వినని కుర్రాళ్ళ వంతు వచ్చింది. ఆర్లీన్‌కి ఎప్పుడూ అక్కడే తడబాటు. ఏటా ఆ సమయానికి తల పక్కకి వాల్చేది, వెర్నా చెవిలో పేరు ఊదేది. ఇవాళ కూడా అలవాటుగా తల వాల్చింది. అటు పక్క ఖాళీ. గడియారం టిక్కుటిక్కుమంటుంటే బల్ల మీదుగా వెర్నా వైపు చూసింది. తను తేల్చుకోలేని ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు పెదాలతోనే పలికి, ఎవరని అడిగింది.

వెర్నాకి తెలుసు. తప్పు పేరు చెప్పినా నమ్ముతుంది, అదీ తెలుసు. ఆ తప్పు పేరు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసి, రై గింజల రొట్టె తుంచి వెన్న రాసుకుంది.

గంట మోగింది. ఆర్లీన్ తోచిన పేరేదో చెప్పింది. మిగిలినవాణ్ణి, అసలైనవాణ్ణి, తన వంతు రాగానే వెర్నా తీసుకుంది. "లియో ఉంటే మెచ్చుకునేవాడు," అన్నాడు చెస్టర్. ఆవిడకి మాత్రం సంతోషం రాలేదు.

అయిపోయాక ఆర్లీన్ కారు గుమ్మం ముందు ఆగి ఉంది, పక్క తలుపు తెరిచే ఉంది. వెర్నా పచ్చ మెత్త తీసి చంకన పెట్టుకుంది. మళ్ళీ ఏమనుకుందో, వెనక్కి వెళ్ళి కుర్చీలో పెట్టి, చేత్తో ఒకసారి నొక్కి సరిచేసింది.

తెరిచి ఉన్న ఆ కారు తలుపు దాటి బస్సు స్టాపుకి నడిచింది.