వరమ్మ టీకా మచ్చ

కువైట్ నుంచి వచ్చిన రెండో రోజే యేసుప్రసాద్‌కు జ్వరం తగిలి, ముఖం మీదా అరచేతుల్లోనూ పొక్కులు లేచాయి. వేంపల్లె దగ్గరి ఆ ఇంట్లో అందరూ చర్చికి పోయేవాళ్ళే, అమ్మవారి పేరెత్తరు. అయినా ఇది ఆటలమ్మేననుకుని వాళ్ళమ్మ వరమ్మ గుట్టుగా వేపాకు నానబెట్టి, ఆ నీళ్ళతో కొడుకు ఒళ్ళంతా తన చేతులతో కడిగింది. కడుపుతో ఉన్న కోడలు స్తుతిని మాత్రం ఆ గది గడప తొక్కనివ్వలేదు.

అది ఆటలమ్మ కాదు, మంకీపాక్స్ అని కడప ఆసుపత్రిలో తేలింది. యేసుప్రసాద్‌ను విడిగా ఉంచారు. కోలుకుంటాడని డాక్టరు హసీనా ధైర్యం చెప్పింది. వరమ్మకు పట్టుకున్న భయం వేరే. కొడుకును కడిగిన చేతులతోనే కోడలికి సంగటి పెట్టింది. తనకు అంటుకుని ఉంటే, తన నుంచి స్తుతికీ కడుపులోని బిడ్డకూ అంటుతుందేమో.

"ఎడమ చెయ్యి చూపించమ్మా" అంది డాక్టరు.

రవిక చెయ్యి పైకి లాగితే, భుజం కింద రూపాయంత గుంట మచ్చ.

"చిన్నప్పటి మశూచి టీకా ఇది. ఈ జబ్బు మశూచికి దగ్గరి చుట్టం. మన రక్తంలో టి కణాలని కాపలా కణాలుంటాయి. ఒకసారి చూసిన దొంగను ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటాయి. కోతుల మీద చేసిన పరీక్షల్లోనూ ఈ టీకా అట్లా కాపాడటం చూశారు. రానే రాదని చెప్పలేను, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. మూడు వారాలు కోడలికి దూరంగా ఉండు."

వరమ్మ వెనక కొట్టంలోకి మారింది. తెల్లవారగానే స్తుతి పెరటి గుమ్మంలో నిలబడి కేకేసేది.

"అత్తా, చేతులు చూపీ."

"రోజూ చూసేదానికి కొత్త గాజులేమన్నా ఏసుకున్నానా?"

"చూపీ అంటాండా."

ఒక పొద్దున మణికట్టు మీద పొక్కు కనబడింది. స్తుతి గుమ్మం దిగి రాబోయింది. వరమ్మ దాన్ని కొంగుతో కప్పేసి, "దగ్గరికి రావద్దు పాపా, ఆడనే నిలుచుకో" అంది.

పరీక్షలో అదే జబ్బని వచ్చింది. కానీ జ్వరం రాలేదు, రెండో పొక్కు లేవలేదు. కొన్నాళ్ళకు అది ఎండి పెచ్చు రాలి, కింద కొత్త చర్మం వచ్చింది. "లోపలి కాపలావాళ్ళు మరిచిపోలేదు" అని డాక్టరు నవ్వింది. స్తుతికీ బిడ్డకూ ఏమీ కాలేదు.

యేసుప్రసాద్ కోలుకుని ఇంటికొచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరు దావీదురాజు వరమ్మను అడిగాడు.

"నా చిన్నప్పుడు టీకాలోళ్ళు వచ్చినారంటే మాయమ్మ నన్ను వడ్లు పోసే ఖాళీ గరిసెలో దాచిపెట్టిందయ్యా. వాళ్ళల్లో ఒకామె గరిసెలోకి దిగి నన్ను పట్టుకునింది. ఆమె చెయ్యి కొరికినా. రక్తం కారతా ఉన్నా వదల్లా, టీకా ఏసే పోయింది. ఆమె కోసరం ప్రార్థన చెయ్యండి."

"పేరేమమ్మా ఆమెది?"

"తెల్దు. బతికుండాదో లేదో, అదీ తెల్దు."

"పేరు లేకుండా ఎట్ల చేసేది?"

"వరమ్మ కొరికినామె అని చెప్పండి. దేవునికి తెలుస్తాది."

స్తుతి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దావీదురాజు కళ్ళు మూసుకుని, ఆమె చెప్పినట్టే చెప్పాడు. ఆమేన్ అన్న గొంతుల్లో వరమ్మదే పెద్దది.