తర్వాత చెప్తాలే

ఆ శనివారం ఆమె చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. నల్ల పొడుగుచేతుల చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరం తీసి పెట్టెలో పెట్టాలి. పదహారు పాటలూ అద్దం ముందు నిలబడి ఇంకోసారి చేతులతో పాడి చూసుకోవాలి. నాన్న కళ్లజోడుకి ఊడిపోయిన స్క్రూ వేయించాలి. పొడుగన్నతో వంతుల సంగతి మాట్లాడాలి. నాన్న నిద్ర లేవకముందే పేపర్లో మూడో పేజీ తీసి దాచేయాలి.

చివరి పని అన్నిటికంటే ముందు అయిపోయింది. మూడో పేజీలో, ఆ సాయంత్రం ఊళ్లో పాడబోయే రాక్ బ్యాండ్ గాయకుడి ఫోటో, దాని కింద అతని మాటలు: ఊరి చివరి నేత మిల్లు మూసేయాల్సిందేనట. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కిందకి తోసింది. ఏడాదిగా అలా తోసిన కాగితాలతో డబ్బా ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

ఆ మిల్లులోనే నాన్న ముప్పై ఒక్క ఏళ్లుగా మగ్గాల షెడ్డులో పని చేస్తున్నాడు. ఇంకో రెండేళ్ల సర్వీసు ఉంది. ఆ జీతంతోనే ఆమె డిగ్రీ చదివింది. ఆ ఇంటి గడప దాటి కాలేజీకి వెళ్లిన మొదటి మనిషి ఆమే. ఆ మగ్గాల మోతే ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. ఇప్పుడు వెనక నుంచి బస్సు హారన్ కొట్టినా ఆయనకి తెలియదు.

చెవులు బాగున్న రోజుల్లో ఆదివారం పొద్దున తండ్రీ కూతుళ్లిద్దరూ టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఆ బ్యాండ్ పాటలు వినేవాళ్లు. చెవులు పోయాక నాన్న స్పీకర్ మీద అరచేయి ఆనించి వినడం మొదలుపెట్టాడు. "ఇదిగో, డ్రమ్ములవాడు ఇక్కడ తొందరపడ్డాడు," అని గట్టిగా అరిచి మరీ చెప్పేవాడు. నిజంగానే తొందరపడి ఉండేవాడు.

గాయకుడు మిల్లు గురించి మాట్లాడటం మొదలుపెట్టిన రోజున ఆమె పాట మధ్యలో ఆపేసింది. అరగంటకే మళ్లీ పెట్టుకుంది. కోపం అలాగే ఉంది, కాలు మాత్రం తాళం వేస్తోంది. తన మీద తనకే చిరాకేసింది. అమ్మ వంటింట్లోంచి, "గొంతు దేవుడిచ్చాడు సరే, ఆ నోరు ఎవరిచ్చారే వీడికి!" అంది. ఆ ఇంట్లో ఆ విషయం మీద అంతకంటే చర్చ జరగలేదు. నాన్నకి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాన్నకున్న ఒక్క సరదానీ ఎందుకు చెడగొట్టాలి?

ఆమె ఉద్యోగం సైగల అనువాదం. ఆసుపత్రిలో, కోర్టులో, సభల్లో ఎవరు ఏది మాట్లాడినా వినికిడి లేనివాళ్లకి చేతులతో చెప్పాలి. ఆ పని నేర్పింది కాలేజీ కాదు, బాబాయి. ఆయన సొంత బాబాయేం కాదు. మగ్గాల షెడ్డులో నాన్న పక్క మగ్గం ఆయనది. పుట్టుకతోనే వినబడదు. ఆ మోతలో ఎవరి కేకలూ ఎవరికీ వినబడవు కాబట్టి షెడ్డు షెడ్డంతా ఆయన దగ్గరే సైగలు నేర్చుకుంది. నాన్నకి అన్నం క్యారేజీ తెచ్చే చిన్నపిల్లగా ఆమె కూడా అక్కడే నేర్చుకుంది.

పోయినేడు ఆ బ్యాండ్ వచ్చినప్పుడు వేదిక పక్కన సైగలు చేస్తూ ఆమె, ముందు వరుసలో బాబాయి ఉన్నారు. పాటల మధ్య గాయకుడు మిల్లు మీద పడ్డాడు. జనంలో సగం చప్పట్లు, సగం కేకలు; రెండు మూడు సీసాలు కూడా ఎగిరాయి. ఆమె చేతులు మాత్రం, "అందరికీ ధన్యవాదాలు, మీ ఊరు చాలా బాగుంది," అన్నాయి.

కచేరీ అయ్యాక బాబాయి ఆమెని మెట్ల దగ్గర ఆపాడు. చేతులు విసురుతూ అడిగాడు. "ఏం పిల్లా, ఊరు బాగుందంటే జనం సీసాలు విసిరారా?"

ఆమె తల దించుకుంది. ఆయన ఆమె గడ్డం పట్టి పైకెత్తాడు. సైగలు చూడాలంటే తల ఎత్తాలి మరి.

"నా బతుకంతా నేను ఎక్కువసార్లు చూసిన మాట ఏంటో తెలుసా? 'ఏం లేదు, తర్వాత చెప్తాలే.' ఆ తర్వాత ఒక్కసారీ రాలేదు. వాడు వాగింది చెత్తే కావచ్చు. ఆ చెత్త చూసి కోప్పడే హక్కు నాకు లేదా? టికెట్ కొన్నాను కదా!"

ఆరు నెల్ల క్రితం బాబాయి పోయాడు. ఈసారి ముందు వరుసలో ఆయన కుర్చీ నాన్నకి వచ్చింది.

అందుకే పొడుగన్నతో వంతుల గొడవ. అనువాదకులు ఎప్పుడూ ఇద్దరు ఉంటారు; ఆమెకి జోడీ పొడుగన్న. ఇరవై నిమిషాలకొకసారి మారకపోతే చేతులూ బుర్రా రెండూ పట్టేస్తాయి.

"అన్నా, అయిదో పాట తర్వాత వంతు నువ్వు తీసుకోవా? వాడు ఉపన్యాసం ఇచ్చేది అప్పుడే."

"నాకు తెలియనిదా చెల్లీ! మీ నాన్న వస్తున్నాడు కదూ?" పొడుగన్న నవ్వాడు. "సరే, బూతులన్నీ నాకొదిలేయ్, ప్రేమ పాటలు నువ్వుంచుకో."

సాయంత్రం ఆరింటికి హాలు నిండింది. నాన్న చెప్పులు విప్పేసి, చెక్క నేల మీద పాదాలు ఆనించి కూర్చున్నాడు. మొదటి పాటకి మోకాళ్లు ఆడించాడు. రెండో పాటలో డ్రమ్ములు లేచేసరికి ఆమె వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ఆమె ఒంట్లో ఉన్న బెరుకంతా దిగిపోయింది. ఎంత మంచి పాట అది!

రెండో పాట అవగానే గాయకుడు గిటార్ పక్కన పెట్టి మైకు పట్టుకున్నాడు. అయిదో పాట దాకా ఆగలేదు.

పొడుగన్న కుర్చీలోంచి సగం లేచి, రానా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. వస్తే ఎవరూ తప్పు పట్టరు. ఆమె చేతులు గాలిలో ఆగాయి. 'అందరికీ' అనే సైగ దాదాపు మొదలైంది. ఎదురుగా బాబాయి కుర్చీలో నాన్న కళ్లజోడు సర్దుకుని, కూతురి చేతులకేసి చూస్తున్నాడు. కొత్త స్క్రూ లైట్లకి తళుక్కుమంది.

ఆమె పొడుగన్నకి తల అడ్డంగా ఊపింది.

ఈ పనిలో 'అతను అంటున్నాడు' అనే మాట ఉండదు. గాయకుడు నేను అంటే అనువాదకురాలు తన గుండె మీదే వేలు పెట్టుకుని నేను అనాలి. ఆమె అలాగే పెట్టుకుంది. "నేను చెబుతున్నాను. ఆ మిల్లు మూసేయాలి. దాని రంగునీళ్లు మన కాలువలో కలుస్తున్నాయి. ముప్పై ఏళ్లు పని చేసినవాడికి చెవుల్లో పెట్టుకోవడానికి దూది ముక్క కూడా ఇవ్వని మిల్లు అది. అలాంటి మిల్లు కూడు తినడం కంటే..."

ఆ మాట మిగతా సగం మరీ మోటు. ఆమె అది కూడా చెప్పింది. గాయకుడు ఎక్కడ గొంతు పెంచాడో అక్కడ చేతులు పెద్దవి చేసింది. పళ్లు కొరుక్కుంటూనే చేసింది.

నాన్న లేచి నిలబడ్డాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలియదు.

"దూది ఇవ్వలేదన్నది నిజం! మూసేయమన్నది తప్పు! ఆరొందల మంది ఎక్కడికి పోవాలయ్యా? చెవులకి ఏదో ఒకటి ఇమ్మని అడుగు, నీ వెనకాల నేనొస్తా!"

గాయకుడు నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని వెతికాడు. "పెద్దాయనా, ముందు ఈ పాట విను. తర్వాత మాట్లాడుకుందాం."

ఆమె అదీ చెప్పింది. నాన్న పకపకా నవ్వాడు.

"తర్వాతట! సరే, కానీ పాట కానీ." కూర్చుని మళ్లీ పాదాలు నేలకి ఆనించాడు.

ఇంటికి వెళ్లే దారిలో బస్‌స్టాపు దాకా ఆయన నోరు మూయలేదు. గాయకుడు అన్నవాటిలో మూడు తప్పులు, ఒక నిజం అని లెక్క తేల్చాడు. ఆమె దీపస్తంభం వెలుగులో నిలబడి చేతులతో అడిగింది. "నీకు కోపం రాలేదా నాన్నా?"

"రాకేం! బ్రహ్మాండంగా వచ్చింది. ఎన్నాళ్లయిందో తల్లీ ఒక మనిషితో సరిగ్గా గొడవపడి!" ఆయన గొంతుకి స్టాపులో వాళ్లంతా తిరిగి చూశారు. ఆమె అరచేయి కిందకి ఊపింది. ఆయన గొంతు తగ్గించానని అనుకుని కొనసాగించాడు. "రెణ్ణెల్ల క్రితం వాడు మిల్లు గేటు దగ్గరికే వచ్చి మాట్లాడాడు. నేను వెనకే నిలబడ్డా. షెడ్డంతా సైగలొచ్చు, కానీ మీ బాబాయి పోయాక చేతులు కదిపే ఓపిక ఎవడికుంది? అందరూ తిడుతుంటే నేనూ తిట్టా. ఏమన్నాడ్రా అంటే, ఏం లేదు, తర్వాత చెప్తాలే అన్నారు."

"అంటే... నీకు ముందే తెలుసా?"

"బియ్యం డబ్బా ఒరిగి ఉంటే చూడనా? ఆ కాగితాలన్నీ చదివా. మళ్లీ మడిచి పెట్టేశా, మీ అమ్మా నువ్వూ కష్టపడి దాచారు కదా అని. కానీ కాగితంలో రెండు ముక్కలే ఉంటాయి. వాడు ఏ మాట దగ్గర రెచ్చిపోయాడో నీ చేతుల్లో చూశా."

ఏడాది బరువు దిగినట్టయింది ఆమెకి. నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. రెండింటికీ ఆ నల్ల చొక్కా చెయ్యే దిక్కయింది.

"రేపు ఆదివారం," అన్నాడు నాన్న బస్సెక్కుతూ. "ఆ రెండో పాట మళ్లీ పెట్టు. వాడి నోరు వాడిది, పాట మనది."

ఇంటికి రాగానే ఆమె డబ్బా కింద కాగితాలన్నీ తీసి బల్ల మీద పెట్టింది. బియ్యం డబ్బా చాలా రోజుల తర్వాత తిన్నగా కూర్చుంది. గాయకుడి మాటలంటే ఆమెకి ఇప్పటికీ పడదు. పాటకి కాలు ఇప్పటికీ ఆడుతుంది.

చదివిన మీకు ఒక్క మనవి. మీ ఇంట్లో వినబడని మనిషి ఎవరైనా "ఏమన్నారు?" అని అడిగినప్పుడు, 'ఏం లేదు' అనబోయే ముందు, మగ్గాల షెడ్డులో అంతమందికి మాట నేర్పిన ఆ బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.