మాస్టారు మూసేసిన వెంటిలేటరు

రాజోలులో ముప్పై ఒక్క ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన పేతురు మాస్టారికి చర్చి క్వయర్‌లో పాడటమంటే ప్రాణం. గొంతు మంచిదే కానీ మరీ పెద్దది. ఆయన హాల్లో సాధన మొదలుపెడితే భార్య సుందరిగారు టీవీ సౌండు పెంచేవారు. అందుకని ఆయన తన సాధనంతా బాత్రూములోకి మార్చుకున్నారు. నాలుగు గోడలకూ టైల్సు కావడంతో గొంతు గుమ్మని మోగేది. తన పాట తనకే ముచ్చటేసి ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసుకునేవారు.

ఆ ఏడు నవంబరులో కరెంటు గీజరు పాడైతే, బాత్రూము లోపలి గోడకే గ్యాస్ గీజరు పెట్టించారు. అదే వారం క్వయర్ నడిపే జోజిగారు, క్రిస్మస్‌కి ఒక పాట మాస్టారు ఒక్కరే పాడాలని చెప్పారు. దాంతో స్నానం పావుగంట నుంచి ముప్పావుగంటకు పెరిగింది.

ఒకరోజు పక్కింటి జ్యోతిర్మయిగారు గోడ మీదుగా పలకరించారు.

"మాస్టారూ, పాట చాలా బాగుందండీ. ఆ రెండో చరణంలోనే కొంచెం జారుతున్నట్టుందండీ."

"ఆయ్, చూసుకుంటానండీ," అని మాస్టారు నవ్వారు గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. మధ్యాహ్నం కొత్త మిక్సీ డబ్బాలోని థర్మాకోల్ తీసి, బాత్రూము వెంటిలేటరు కొలతకు కోసి, చుట్టూ టేపు వేసి బిగించారు. ఇక వీధికి వినపడదు. పైగా లోపల ఇంకా గుమ్మని మోగుతోంది.

రెండో రోజు నుంచి స్నానం చేసి వచ్చేసరికి తలనొప్పి. కొబ్బరిచెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే గంటలో తగ్గిపోయేది.

"తల తుడుచుకోకుండా తిరుగుతారు, నొప్పి రాదేంటండీ మరి!" అన్నారు సుందరిగారు.

"తల కాదు సుందరీ, నువ్వు మార్చిన కాఫీపొడి," అన్నారు మాస్టారు.

గీజరుకు ముందున్న చిన్న కంతలోంచి కనిపించే నీలం మంట పసుపురంగుకు తిరగడం కూడా ఆయన చూశారు. అందంగానే ఉందనుకున్నారు.

నాలుగో రోజు సుందరిగారు టీవీ ముందు కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నారు. బాత్రూములో పాట రెండో చరణంలో జారింది. అది అలవాటే. మూడో చరణంలో మాటలు ముద్దముద్దగా వచ్చాయి. తరవాత పాట ఆగిపోయి, బకెట్టు దొర్లిన చప్పుడైంది. ఆ పాట ఎప్పుడు ఆగుతుందా అని రోజూ ఎదురుచూసే మనిషి, అది ఆగేసరికి బీరకాయలు వదిలేసి బాత్రూము దగ్గరికి పరిగెత్తారు.

"ఏవండీ! ఏవండీ, పలకండి!"

లోపలి నుంచి మూలుగు లాంటిది వచ్చింది. సుందరిగారు భుజంతో ప్లాస్టిక్ తలుపును రెండుసార్లు గుద్దితే గడియ ఊడింది. మాస్టారు గోడకు చేరగిలబడి ఉన్నారు. ఆమె ముందు గీజరు కట్టేసి, చంకల కింద చేతులు వేసి ఆయన్ని పెరట్లోకి ఈడ్చుకొచ్చారు.

"తువ్వాలు..." అన్నారు మాస్టారు నీరసంగా.

"తువ్వాలు తరవాతండీ, ముందు ఊపిరి పీల్చండి!"

జ్యోతిర్మయిగారు గోడ మీదుగా తొంగిచూసి, వెంటనే ముఖం తిప్పుకుని, ఒక దుప్పటి విసిరి, ఆటో పిలిచారు. ఆసుపత్రిలో మాస్క్ పెట్టి సాయంత్రం దాకా ఆక్సిజన్ ఎక్కించారు. ఇంట్లో గ్యాస్ గీజరు ఉందా, అది ఎక్కడ ఉందని డాక్టరు అడిగి, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పారు. సుందరిగారు మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి వదల్లేదు. తిట్టనూ లేదు. దానికే మాస్టారికి ఎక్కువ భయమేసింది.

మర్నాడు పొద్దున్న తులసి వచ్చింది. మార్కెట్టు దగ్గర స్టవ్వులూ గీజర్లూ బాగుచేసే షాపు ఆమెదే. మాస్టారి దగ్గరే చదువుకుంది. గీజరు పైన పేరుకున్న మసి వేలితో తుడిచి చూసింది. తరవాత థర్మాకోల్ చూసింది.

"మాస్టారూ, ఇది ఎవరు పెట్టేరండీ?"

"నేనేనమ్మా."

"మీరే కదండీ మాకు కొవ్వొత్తి మీద గాజుగ్లాసు బోర్లించి చూపించేరు. గాలి అయిపోతే మంట ఆరిపోద్దని."

మాస్టారు తల దించుకున్నారు.

"ఇదీ అంతేనండీ. మంటకి కొత్త గాలి కావాలి, కాలిన గాలి బయటికి పోవాలి. రెండు దారులూ మూసేస్తే మంట సరిగా కాలక విషవాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు, కళ్లూ మండవు. వెంటిలేటరు తెరిచున్నా సరే, ఇలాంటి గీజరు బాత్రూములో పెట్టకూడదండీ. పెట్టినవాళ్లదీ తప్పే."

"వంటింటి కిటికీ కింద బయట పెట్టేద్దామా?" అన్నారు సుందరిగారు.

"వద్దండీ, ఆ కిటికీలోంచే పొగ ఇంట్లోకొస్తుంది."

చివరికి పెరటి గోడకు, కిటికీలన్నిటికీ దూరంగా, చిన్న రేకు చూరు వేసి దాని కింద గీజరు బిగించింది. వేడినీళ్ల గొట్టం ఒక్కటే బాత్రూములోకి వచ్చింది. మంట మళ్లీ నీలంగా వెలిగింది. థర్మాకోల్‌ని మాస్టారు స్వయంగా పీకి, నాలుగు ముక్కలు చేశారు.

క్రిస్మస్‌కి ఆయన పాడారు. రెండో చరణం జారింది. జోజిగారు కళ్లు మూసుకుని సర్దుకున్నారు.

కొత్త సంవత్సరం ఆరాధనలో మాస్టారు లేచి, ఒక ప్రకటన ఉందన్నారు. తాను సైన్సు మాస్టారై ఉండి చేసిన పనంతా, దుప్పటి సంగతితో సహా, దాచకుండా చెప్పారు. జనం నవ్వారు. నవ్వుతూనే కొందరు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బయటికి రాగానే పదకొండు మంది ఆయన చుట్టూ చేరారు. ఒకరింట్లో వెంటిలేటరుకు దోమల కోసం అట్ట కొట్టారట. ఇంకొకరింట్లో గీజరు తలుపు వెనకే ఉందట.

సోమవారం నుంచి తులసి స్కూటీ వెనక మాస్టారు స్పానర్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. తులసి గీజరు చూస్తుంటే, ఆయన ఆ ఇంటివాళ్లందర్నీ పెరట్లో కూర్చోబెట్టి, కొవ్వొత్తీ గాజుగ్లాసూ తెమ్మంటున్నారు.