తెర వెనక తుపాకీ

బియ్యం కడగాలి. తడిబట్టలు ఆరేయాలి. మామగారికి మాత్రలివ్వాలి. బ్యాంకు కాపలాదారు పాత జోడుగొట్టాల తుపాకీ విప్పి, తుడిచి, నూనె రాసి బిగించాలి.

కోడలి పనుల్లో మొదటి మూడూ లోకానికి తెలిసినవే. నాలుగోది మాత్రం తెర దాటకూడదు. తెరకు అటు రిపేరు షాపు, ఇటు ఇల్లు. తుపాకీ ఇటొచ్చి బాగుపడి అటు వెళుతుంది; మెప్పు అటే ఆగిపోతుంది. "ఆడవాళ్లు ముట్టారని తెలిస్తే గిరాకీ పోతుందే" అంటాడు భర్త. ముట్టకపోతేనే కదా పోయేది, అని ఆమె నవ్వుకుంటుంది.

ఆ రోజూ అన్నీ ముగించి తుపాకీ అందించింది. కాపలాదారు రాగానే భర్తకు హుషారొచ్చింది. "ఎంత మెత్తగా చేశానో చూడు" అంటూ గొట్టాల కింద పట్టుకునే ముందు చెక్క ఊడదీశాడు, గొట్టాలు విడదీశాడు, ఊరుకోక రెండు ట్రిగ్గర్లూ నొక్కాడు. టక్, టక్.

తెర వెనక ఆమె ఆ చప్పుడు విని తల పట్టుకుంది. విప్పిన తుపాకీకి ట్రిగ్గర్ నొక్కితే లోపలి సుత్తులు పడిపోతాయి, ఇక ముందు చెక్క ఎక్కదు. అత్తగారు నేర్పిన మొదటి పాఠం అదే.

భర్త తోశాడు, గుద్దాడు, చెమటలు కక్కాడు. "తుప్పు పట్టిందయ్యా. కొత్త భాగం తెప్పించాలి. వారం పడుతుంది."

"వారమా! అందాకా గేటు దగ్గర చీపురు పట్టుకుని నిలబడనా? ఉద్యోగం ఊడుతుంది సార్!"

"లోపల చూసొస్తా" అని భర్త తెర కింది నుంచి తుపాకీ అందించబోయాడు. ఆమె అందుకోబోయింది. పక్కన కూర తరుగుతున్న అత్తగారు తలెత్తకుండానే అంది: "నా వయసంతా ఇక్కడే కూర్చుని చేశానే. మీ మామగారికి బంగారు చెయ్యి అని పేరొచ్చింది. నాకు నడుంనొప్పొచ్చింది."

కోడలు చేయి వెనక్కి తీసుకుంది. కొంగు దోపి, తెర తొలగించి, షాపులోకి నడిచింది.

"నువ్వెందుకూ..." అన్నాడు భర్త.

"కొంచెం జరగండి."

గొట్టాలు ఖాళీయేనని వెలుతురుకెత్తి చూసింది. గొట్టాలు విడదీసిన తుపాకీ ముందంచున పొడుచుకొచ్చిన రెండు మీటల్నీ ఒక్కొక్కటిగా బల్ల అంచుకు ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. సుత్తులు లేచి కూర్చున్నాయి. గొట్టాలు తగిలించి మూసింది. ముందు చెక్క బుద్ధిగా ఎక్కింది.

కాపలాదారు నోరు తెరిచాడు. "అమ్మా, ఇన్నాళ్లూ మీరేనా?"

"నేనూ అదే చెయ్యబోతున్నా" అన్నాడు భర్త.

"చేద్దురుగాని. ముందు లోపలికెళ్లి పొయ్యిమీద అన్నం చూడండి" అని ఆమె బల్ల ముందున్న ఆయన కుర్చీలో కూర్చుంది. లోపల అత్తగారి నవ్వు షాపంతా వినిపించింది.

ఇప్పుడు అందరూ కోడలి పేరే చెప్పుకుంటున్నారు. చెప్పుకోండి, తప్పులేదు. కానీ ఏ పాత తుపాకీ అయినా మెత్తగా మూసుకుంటే, ఏ పేరూ రాకుండానే దాన్ని బాగుచేసిన ఆ అత్తగారిని ఒక్కసారి తలుచుకోండి.