తొమ్మిది సెకన్ల కత్తెర

ఆ ఇంట్లో వాక్యం మొదలుపెట్టినవాళ్లే దాన్ని పూర్తిచేసిన దాఖలా లేదు. నాన్న కర్త వేస్తే అమ్మ కర్మ తగిలించేది, అక్క క్రియ లాక్కునేది, చివరి చుక్క బావ పెట్టేవాడు. వచ్చిన చుట్టాలకి మిగిలేది వాళ్ల కర్మ ఒక్కటే.

నాన్న ముప్పై రెండేళ్లు రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా పనిచేశాడు. రైళ్లు ఎప్పుడొచ్చినా ఆయన గొంతు మాత్రం వేళకొచ్చేది. రిటైరైనరోజున మైకు అక్కడే వదిలేశాడు గాని, గొంతు తగ్గించే మీట కూడా అక్కడే మర్చిపోయి వచ్చాడు. వీధిలో అందరికీ ఆయన మైకుగారు. అమ్మ టెలిఫోన్ ఎక్స్చేంజిలో చేసింది. అక్కడ లైన్లు కలిపేది, ఇక్కడ మాట కలుపుతుంది. అక్క బడిలో టీచరు, ఎవరేం మాట్లాడినా తప్పులు దిద్దుతుంది. బావ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మూడు రోజుల పెళ్లిని మూడు గంటలకి కుదించి, అందులో పెళ్లికొడుకు కునుకు తీసిన ముక్కలన్నీ ఏరిపారేసి, చూసినవాళ్లచేత ఔరా అనిపించుకుంటాడు.

ఇంతమంది మధ్య చిన్నకూతురు నోరు తెరిచేలోపు సంభాషణ రెండు స్టేషన్లు దాటిపోయేది. అందుకని ఆమెకి నిదానం అని పేరు పడింది. వైద్యంలో రోగం ఏమిటో కనిపెట్టడాన్నీ నిదానమనే అంటారని పేరు పెట్టిన నాన్నకి అప్పట్లో తెలియదు. అలా పేరు ముందొచ్చింది, చదువు వెనకపడింది.

నిదానం నాలుగేళ్లుగా ఒక ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ గదిలో సహాయకురాలు. అద్దాలు తుడవడం, బొమ్మల కార్డులు వరుసగా పేర్చడం, మాట పోయినవాళ్లని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టడం ఆమె పని. ఆ గదిని నడిపే మేడమ్ మొదటిరోజే ఒక సూత్రం చెప్పింది.

"ప్రశ్న అడిగాక మనసులో పదిదాకా లెక్కపెట్టు. మాట నువ్వందించావో, ఆ మాట నీదైపోతుంది. పేషెంటు ఉత్త చేతుల్తో ఇంటికెళ్తాడు."

మాట అందించడమే మర్యాదనుకునే ఇంట్లో పుట్టిన పిల్లకి ఇది కొత్త దేశానికి దారి చూపించినట్టనిపించింది. తనూ థెరపిస్టు కావాలనుకుంది. దానికి మాస్టర్స్ చెయ్యాలి. పోయినేడు మూడు యూనివర్సిటీలకి అప్లికేషన్లు పెడితే మూడూ కాదన్నాయి. ఈసారి నాలుగింటికి పెట్టింది. మూడు మళ్లీ కాదన్నాయి. ఒక్కటి మాత్రం ఇంటర్వ్యూకి రమ్మనే ముందు ఇంకొకటి అడిగింది: మాట తడబడే మనిషితో పది నిమిషాల సంభాషణ రికార్డింగు, దాంతోపాటు ప్రతి మాటనీ, ప్రతి విరామాన్నీ సెకన్లతో సహా రాసిన కాగితం. వయసు నిబంధన వల్ల ఆమెకిదే ఆఖరి అవకాశం.

అయినా నిదానానికి దిగుల్లేదు. "ఆ మూడూ నా మార్కులు చూశాయి నాన్నా. ఇది నా పని వింటానంటోంది. విన్నాక వదలరు" అంది.

"వదలరూ అంటే... పట్టుకుంటారు!" అని నాన్న పూర్తిచేశాడు, అప్పటికే పూర్తయినదాన్ని.

రికార్డింగుకి ఒప్పుకున్నది దర్జీ మాస్టారు. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది, మాటల కుట్లు విడిపోయాయి. ఒప్పుకోలు కాగితం మీద ఎడంచేత్తో సంతకం పెట్టడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. ఆ నాలుగు నిమిషాలూ ఆమె కాగితం కదలకుండా పట్టుకుని కూర్చుంది.

అప్లికేషను గడువు సాయంత్రం ఐదు. రెండింటికి తెలిసింది, రికార్డింగు సైజు ఎక్కువైందని సైటు తీసుకోవడం లేదని. ఆమెకి ఆసుపత్రిలో ఇంకా ఐదుగురు పేషెంట్లున్నారు. బావకి ఫోన్ చేసింది.

"నీకెందుకు మరదలా, నా చేతిలో పెట్టు. చిక్కిపోయేలా చేసి పంపించేస్తా."

"సైజు తగ్గించు బావా, అంతే."

"అంతే అంటే ఎలా? ఈ చేతుల్లోకొచ్చింది ఏదైనా మెరిసి వెళ్లాల్సిందే!"

నాలుగున్నరకి ఫోన్ చేసి, పంపేశానని, మంచి నునుపుగా తయారైందని చెప్పాడు. పేషెంటు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న నిదానం "సరే బావా" అని పెట్టేసింది. ఏం నునుపు చేశావని అడగలేదు. పంపింది ఒకసారి వినలేదు కూడా.

పదిహేను రోజులకి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

పొడుగాటి బల్ల. అటువైపు ముగ్గురు. మధ్యలో కళ్లజోడు గొలుసుకి వేలాడేసుకున్న ప్రొఫెసరమ్మ, ఎడమపక్కన స్టాప్‌వాచీ ముందు పెట్టుకున్న బట్టతల ప్రొఫెసరు, కుడిపక్కన రాసుకునే ఆయన. పలకరింపులయ్యాక ప్రొఫెసరమ్మ నిదానం పంపిన కాగితం తీసింది.

"ఇరవై రెండో వరుస. 'రోజూ షాపు తెరవగానే మొదట చేతిలోకి ఏం తీసుకుంటారు మాస్టారూ' అని అడిగారు. తర్వాత తొమ్మిది సెకన్ల మౌనం అని రాశారు. తర్వాత ఆయన 'కత్తెర' అన్నాడు. అవునా?"

"అవునండీ."

ప్రొఫెసరమ్మ రికార్డింగు నొక్కింది. మొదట ప్రశ్న, వెంటనే "కత్తెర" అన్న జవాబు. మధ్యలో ఊపిరి పీల్చుకునేంత సందు లేదు.

"తొమ్మిది సెకన్లేవమ్మా?" అన్నాడు బట్టతలాయన. "పది నిమిషాలని రాశారు, ఇది ఆరు నిమిషాల పదకొండు సెకన్లుంది. మీరు రాసిన ఇరవై మూడు మౌనాల్లో ఒక్కటి కూడా ఇందులో లేదు. పనితనం చూపించుకోడానికి లేని మౌనాలు కల్పించి రాశారనుకోమంటారా?"

నిదానానికి అప్పుడు తట్టింది. బావ పెళ్లికొడుకు కునుకుల్ని తీసేసినట్టు మాస్టారి మౌనాల్ని తీసేశాడు! ఆయన కత్తెర అనే మాట కోసం వెతుక్కున్న తొమ్మిది సెకన్లకి సరిగ్గా కత్తెరే వేశాడు!

"ఇంకొక్కసారి వినిపిస్తారా?"

విన్నది. కళ్లు మూసుకుని మూడోసారి కూడా అడిగి విన్నది. తర్వాత కళ్లు తెరిచింది.

"కాగితం నిజమండీ. రికార్డింగు కోసేశారు. సైజు తగ్గించమని మా ఇంట్లోవాళ్లకిచ్చాను, వాళ్లు మంచి చేద్దామనుకుని ఖాళీలు తీసేశారు. పంపేముందు వినకపోవడం నా తప్పు. వినడం నేర్చుకోడానికి వస్తూ వినకుండా పంపాను, దానికి ఏమన్నా పడతాను. మౌనాలు కల్పించానంటే మాత్రం పడను."

"అలాగని మీరంటున్నారు" అన్నాడు బట్టతలాయన.

"నేను కాదండీ, గడియారం అంటోంది."

ముగ్గురూ తలలెత్తారు.

"మా థెరపీ గదిలో గోడ గడియారం ఉంది. కొంచెం గట్టిగానే కొట్టుకుంటుంది. మాటల వెనక టిక్కు టిక్కుమని వినపడుతుంది చూడండి. నా ప్రశ్న అయిపోయి ఆయన మాట మొదలయ్యే చోట రెండు టిక్కులు ఒకదాని నెత్తిన ఒకటి పడ్డాయి. మా ఇంట్లో మనుషులకి తొందరుంది గాని, ఆ గడియారానికి లేదండీ."

ప్రొఫెసరమ్మ శబ్దం పెంచి మళ్లీ నొక్కింది. బట్టతలాయన ముందుకి వంగాడు. "నాకేం వినపడలేదే" అన్నాడు. మళ్లీ నొక్కింది. ఈసారి ఆయన కనుబొమలు రెండూ పైకెళ్లి, పైన జుట్టేమీ అడ్డు లేకపోవడంతో చాలా దూరం ప్రయాణించాయి.

"కాగితం మీ దగ్గరే ఉంచండి. మొత్తం పెట్టండి. కోసిన ప్రతిచోటా వేలెత్తుతాను" అంది నిదానం.

ఆరు నిమిషాల పదకొండు సెకన్లు ఆ గదిలో ఎవరూ దగ్గలేదు. వేలు లేచినప్పుడల్లా రాసుకునే ఆయన కాగితం మీద గీత పెట్టాడు. చివరికి లెక్కచూసి అన్నాడు:

"ఇరవై మూడూ సరిపోయాయి. కానీ మీరు ఇరవై నాలుగుసార్లు ఎత్తారు. పదహారో వరుస దగ్గర మౌనమేమీ లేదే?"

నిదానం ఆలోచించింది. "అక్కడ మాస్టారు చిన్నగా దగ్గాడండీ. అది మాట కాదని రాయలేదు. మా ఎడిటరు దగ్గులు కూడా ఉంచడు."

ప్రొఫెసరమ్మ నవ్వు ఆపుకోడానికి కళ్లజోడు తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో అడిగింది.

"ఆ తొమ్మిది సెకన్లూ మీరేం చేశారు?"

"ఏం చెయ్యలేదండీ. కూర్చున్నాను."

"మాట మీకు తెలుసు కదా?"

"నా నోట్లోనే ఉందండీ. ఆయన ఎడంచేతి రెండు వేళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు, ఎవరికైనా తెలుస్తుంది. మా ఇంట్లో అయితే ఆపాటికి నలుగురూ అరిచేసేవాళ్లు. కానీ నలభై ఏళ్లు ఆయన చేతిలో ఉన్న వస్తువది. పేరు నేను చెప్పేస్తే ఆయన చేతిలోంచి లాక్కున్నట్టే. ఆయన నోట్లోకి ఆయనే తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక నాకేసి చూసిన చూపు రికార్డింగులో లేదు, కాగితంలో రాయడానికి గడి కూడా లేదు."

ప్రొఫెసరమ్మ ఏమీ అనలేదు. బట్టతలాయనా అనలేదు. నిదానం మౌనంగా కూర్చుంది, ఆ ఖాళీ నింపాలని ఆమెకి అనిపించలేదు. చివరికి ప్రొఫెసరమ్మే అంది, "అసలు రికార్డింగు రేపు మధ్యాహ్నంలోగా పంపండి. కోయకుండా."

అసలుది ఆసుపత్రి రికార్డరులో క్షేమంగా ఉంది. మేడమ్ అనుమతితో దాన్ని తీసుకుని నిదానం తిన్నగా ఇంటి పై వాటాలో ఉన్న బావ స్టూడియోకెళ్లింది. జరిగింది చెప్పింది. బావ మొహం తెల్లబోయింది.

"పాడు చేతులు మరదలా! ఖాళీ కనపడితే వేలు దానంతటదే నొక్కేస్తుంది. నిన్ను ముంచేశానా?"

"ముంచలేదు. కూర్చుని ఇది విను. చేతులు ఒళ్లో పెట్టుకో."

హెడ్‌ఫోన్లు పెట్టింది. ప్రశ్న అయింది. మూడో సెకనుకి బావ కుడిచెయ్యి మౌసు వైపు పాక్కుంటూ వెళ్లింది, ఆమె దానిమీద ఒక్కటిచ్చింది. ఆరో సెకనుకి, "పెద్దాయనకేమైనా అయిందా?" అని గుసగుసలాడాడు. ఎనిమిదో సెకనుకి ఊపిరి బిగబట్టాడు. "కత్తెర" అన్న మాట చెవిలో పడగానే రెండు చేతులూ పైకెత్తి, గెలిచినవాడిలా ఒక్క కేక పెట్టాడు. కింద నుంచి నాన్న, "ఏంటది? ఏ ప్లాట్‌ఫారం మీద?" అని అంతకన్నా పెద్ద కేక పెట్టాడు.

బావ హెడ్‌ఫోన్లు తీసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అతని జీవితంలో అంత పొడుగు మౌనం కోయకుండా ఉంచడం అదే మొదలు. తర్వాత రికార్డింగుని ఒక్క సెకను కూడా తగ్గకుండా, సైజు మాత్రం తగ్గించి, ఆమె రెండుసార్లు విన్నాకే పంపాడు.

మూడు వారాలకి, పొద్దున టీ తాగుతుండగా యూనివర్సిటీ నుంచి జవాబొచ్చింది. నిదానం ఫోన్ చూసి కప్పు కింద పెట్టింది.

"ఏమన్నారే? వచ్చిందీ..." అన్నాడు నాన్న.

"...రాలేదా?" అంది అమ్మ.

"సరిగ్గా అడగండి" అంది అక్క.

"ఎవరూ నోరెత్తకండి!" అని బావ రెండు చేతులూ చాపాడు. "నేను లెక్కపెడుతున్నా. నాలుగు... ఐదు... మామయ్యా, మీరు పెదాలు కూడా కదపకండి. ఆరు..."

నిజానికి నిదానం మొదటి సెకనులోనే చెప్పగలదు. కానీ తన మాట కోసం ఇంటిల్లిపాదీ ఊరుకోవడం ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చూడలేదు. తొమ్మిదిదాకా చూసింది.

"వచ్చింది."

ఆ తర్వాత నాన్న వేసిన కేకకి పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. దాన్ని ఆపడం బావవల్ల కాదు, ఎవరివల్లా కాదు.

ఆ రోజే ఆసుపత్రిలో దర్జీ మాస్టారికి చెప్పింది. దింపడానికొచ్చిన బావ గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారు ఆమె మొహంలోకి చూశాడు. ఎడంచేయి ఎత్తి, ఆమె భుజం నుంచి మణికట్టుదాకా గాలిలో ఒక గీత గీశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

ఈసారి అదేమిటో నిదానానికి కూడా తెలియదు. వెనక్కి చూడకుండానే బావ వైపు వేలు చూపించింది. గుమ్మంలో బావ అప్పటికే రెండు చేతుల్తో నోరు మూసుకుని ఉన్నాడు. గోడ గడియారం తన పాటికి తను కొట్టుకుంటోంది. పది దాటింది. పదకొండు.

"కొ... కొలతలు" అన్నాడు మాస్టారు. ఆమె బట్టల మీద చేత్తో తట్టి, అద్దం పక్కన తగిలించి ఉన్న మేడమ్ తెల్లకోటు చూపించాడు. "నీకు."

నిదానం చేతులు చాపి నిలబడింది. మాస్టారు జేబులోంచి టేపు తీశాడు. రెండో కొస పట్టుకోడానికి చెయ్యి చాలలేదు. గుమ్మంలోంచి బావొచ్చి, అడక్కుండా, మాట్లాడకుండా పట్టుకున్నాడు.